నూనె వదలని ఇనుము

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడ తప్పిపోయి ఉంటాయి. మన్నించి, సరిచేసుకుని చదవండి. చెయ్యి కూడా నిదానం. ఈ కాసిని కాగితాలకు నాకు రెండు నెలలు పట్టింది. యాభై ఒకటో ఏట అక్షరాలు దిద్దుకున్నదాన్ని. నాకు దిద్దించిన అమ్మాయి గురించే ఇది రాస్తున్నాను.

ఆ అమ్మాయి పేరు డయానా. వాళ్ళ ఇల్లు పటమటలో. బీయస్సీ చదివి, కంకిపాడు దాటాక కాలవ పక్కనున్న జింకు ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరింది. నేను అప్పటికే ఆరేళ్ళుగా అక్కడ ఫిల్టరు బట్టలు ఉతుకుతున్నాను. మా ఆయన బాలశౌరి పామర్రులో రైసుమిల్లు పనికి వెళ్ళేవాడు. ఆయన పోయిన ఏడాదికి నేను ఈ ఫ్యాక్టరీలో చేరాను.

మా పని ఏమిటో చెబితేగాని జరిగింది అర్థం కాదు. ఇనపపైపులకూ కరెంటు స్తంభాలకూ జింకు పూత పూసే చోట్ల మిగిలిన బూడిద మాకు లారీల మీద వస్తుంది. దాన్ని యాసిడ్‌లో కరిగిస్తారు. జింకు కరుగుతుంది, దాంతోపాటు ఇనుమూ కరుగుతుంది. ఆ నీళ్ళలో సున్నం కలిపి, అడుగున గొట్టాల్లోంచి ఆరు గంటలు గాలి కొడుతూ వేడిగా ఉంచితే ఇనుము ఎర్రటి మడ్డిగా విరుగుతుంది. ప్రెస్సులో వడకడితే మడ్డి బట్టలకు అంటుకుంటుంది, నీళ్ళు తేటగా దిగుతాయి. ఆ బట్టలు ఉతికేది నేను.

తేట నీళ్ళు నూనె తొట్లలోకి పోతాయి. నూనె అంటే వంటనూనె కాదు, కిరసనాయిలు లాంటి దాంట్లో ఏదో మందు కలిపినది. నీళ్ళనూ దాన్నీ కలిపి చిలికితే నీళ్ళలో ఉన్న జింకు నూనెలోకి ఎక్కుతుంది. నూనె పైకి తేలాక వేరుచేసి, యాసిడ్‌తో చిలికితే జింకు దిగిపోతుంది. దాన్ని మరగబెడితే తెల్లటి పలుకులు వస్తాయి. పొలాలకు చల్లే రకం కాదు, పశువుల దాణాలో కలిపే మేలురకం. నూనె మాత్రం మళ్ళీ మొదటి తొట్టికే పోతుంది. ఆరు వేల లీటర్లు, అదే నూనె, ఏళ్ళ తరబడి తిరుగుతుంది.

చేరిన కొత్తలో డయానా నాకు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఈ నూనెకి జింకంటే ఇష్టం ఆంటీ. ఇనుమంటే ఇంకా ఇష్టం. జింకునైతే యాసిడ్ అడగ్గానే ఇచ్చేస్తుంది. ఇనుమును పట్టుకుందంటే ఇక ఇవ్వదు. రోజుకింత పేరుకుపోయి జింకుకి చోటే లేకుండా పోతుంది. అందుకే ఇనుము ఇటువైపు రాకుండా చూసుకోవాలి."

తొట్ల దగ్గర పనిచేసే పవన్‌కుమార్ పక్కనే ఉన్నాడు. "మా ఆవిడ ఫోను పట్టుకున్నట్టన్నమాట మేడమ్. నేనడిగితే ఇవ్వదు, ఛార్జింగ్ అయిపోయినా ఇవ్వదు," అన్నాడు.

"మీ ఆవిడ నంబర్ ఇవ్వండి, ఇదే మాట చెప్తాను," అంది డయానా.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒక అరగంట ఖాళీ ఉండేది. ఆ అరగంటలోనే నాకు అక్షరాలు నేర్పింది. నేను అడగలేదు. ఒకరోజు జీతం తీసుకుంటూ వేలిముద్ర వేస్తే చూసింది. మర్నాడు పలకలాంటి అట్టముక్క ఒకటి తెచ్చింది. ల్యాబులో సీసాల మీద తెలుగులో చీటీలు అంటించి, వాటితోనే మొదలుపెట్టింది. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట సున్నం. ఏడాది తిరిగేసరికి నా పేరు, మా ఆయన పేరు, బస్సు బోర్డులు వచ్చేశాయి.

"పిన్నిగారూ, ఇంకేం, కలెక్టరాఫీసుకి దరఖాస్తు పెట్టండి," అనేవాడు పవన్‌కుమార్.

"నీ పెళ్ళాం పేరు ముందు నువ్వు తప్పుల్లేకుండా రాయి నాయనా," అనేదాన్ని.

అప్పుడే డయానా నాకు చుక్కల పరీక్ష కూడా నేర్పింది. తను తొట్ల దగ్గరా బాయిలర్ దగ్గరా ఒక్కతే తిరగలేకపోయేది. వడకట్టిన నీళ్ళు టెస్ట్‌ట్యూబులో పట్టి, ముందు పెరాక్సైడ్ రెండు చుక్కలు వెయ్యాలి. దెబ్బలు తగిలితే కడిగే నురుగు మందు ఉంటుందే, అదే. తర్వాత ఇంకో మందు రెండు చుక్కలు. ఇనుము ఉంటే నీళ్ళు నెత్తురులా ఎర్రబడతాయి. లేకపోతే తేటగానే ఉంటాయి.

"ముందు పెరాక్సైడ్ ఎందుకమ్మా?" అని అడిగాను.

"ఇనుములో రెండు రకాలుంటాయి ఆంటీ. ముదిరింది సున్నానికి విరుగుతుంది, ఈ మందుకీ దొరుకుతుంది. లేతది దేనికీ దొరకదు, నీళ్ళలో దాక్కుంటుంది. మనం తొట్టిలో గాలి కొట్టేది దాన్ని ముదర్చడానికే. ఇక్కడ పెరాక్సైడ్ చుక్క చేసేదీ అదే పని. అది వెయ్యకపోతే దాక్కున్నది మనకి కనపడదు."

నాకు బాగా అర్థమైంది. ఏడాదిన్నరపాటు రోజుకు రెండుసార్లు పరీక్ష నేనే చేశాను. నోటుపుస్తకంలో ఎరుపు ఉంది, ఎరుపు లేదు అని నేనే రాశాను. సాయంత్రం డయానా వచ్చి కింద సంతకం పెట్టేది. ఈ సంగతి పవన్‌కుమార్‌కు తెలుసు. యజమాని అచ్యుతరామారావు గారికి తెలియదు. దాచాలని కాదు, చెప్పే సందర్భం రాలేదు.

పోయిన ఏడాది దసరాలనాటికి డయానాకు విశాఖపట్నంలో ఒక పెద్ద మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం ఖాయమైంది. అయితే మూడేళ్ళు ల్యాబు పని చేసినట్టు మా యజమాని రాసిచ్చిన కాగితం డిసెంబరు మొదటివారంలోగా వాళ్ళకు చూపించాలి. నవంబరు ఆఖరుకు మూడేళ్ళు నిండుతాయి. ఆ అమ్మాయి ఫోనులో తారీకులు చూసుకుంటూ ఉండేది.

"వెళ్ళిపోతావా అమ్మా?" అంటే, "మీకు ఇంగ్లీషక్షరాలు కూడా నేర్పేసి వెళ్తాను ఆంటీ," అనేది.

ఆయుధపూజ మా ఫ్యాక్టరీలో పెద్ద పండగ. ముందురోజు మెషిన్లన్నీ ఆపి కడుగుతారు. సారు పటమట నుంచి ఇంటిల్లిపాదితో వస్తారు. మాది చర్చికి పోయే ఇల్లు, నేను పూజలో నిలబడను. కానీ కడగడానికి ఏ దేవుడూ అడ్డం చెప్పడు కదా. ఆ రోజు డయానా శాంపిళ్ళు ఇవ్వడానికి గవర్నర్‌పేట వెళ్ళింది. ల్యాబు కడగడం నా వంతు.

బల్లలు కడిగాను, అద్దాలు తుడిచాను. సీసాల దగ్గరికి వచ్చేసరికి వాటి మీద చీటీలు మాసిపోయి చిరిగి ఉన్నాయి. పెరాక్సైడ్ ఉన్నది ముదురు గోధుమరంగు సీసా. అందులో ఎంత ఉందో బయటికి కనపడదు, మూత చుట్టూ తెల్లగా పొక్కు కట్టింది. సారు కుటుంబం వస్తుంటే ఇలా ఉంటే ఏం బాగుంటుంది అనుకున్నాను. అలమరలో తెల్లగాజు సీసాలు ఒకే వరసవి ఉన్నాయి. వాటిని బోరునీళ్ళతో రెండుమూడుసార్లు కడిగాను. ఏ సీసాలో మందు తీసి ఆ మందుకు కొత్త సీసా. అన్నిటికీ నా చేత్తో పేర్లు రాసిన చీటీలు అంటించాను. సున్నం, యాసిడ్, పెరాక్సైడ్. పెరాక్సైడ్ అని రాయడానికి మూడు చీటీలు పాడుచేశాను. కిటికీ గట్టు మీద వరసగా పేర్చి, వెనక్కి జరిగి చూసుకున్నాను. పెరాక్సైడ్ సీసాలో సన్నగా బుడగలు లేస్తున్నాయి. నురుగు మందు కదా, దాని గుణం అనుకున్నాను.

మా బోరునీళ్ళలోనే ఇనుముంది. పట్టిన బకెట్టుకు తెల్లారేసరికి ఎర్రటి చార కడుతుంది. అది నాకు తెలియనిది కాదు. అందుకే డయానా సీసాలను ఆఖర్న క్యానులో తెప్పించే శుద్ధి చేసిన నీళ్ళతో కడిగేది. ఆ రోజు క్యాను ఖాళీగా ఉంది.

మర్నాడు డయానా వచ్చి గట్టు మీద వరసను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవన్నీ మీరే రాశారా ఆంటీ?"

"ఇంకెవరు రాస్తారు? పవనా?"

"ఎంత ముద్దుగా రాశారండీ," అని ఫోనులో ఫొటో తీసుకుంది. దగ్గరికి వచ్చి ఒక్కో చీటీ చదివింది. సీసా రంగు ఆమె కంట పడలేదు. నేను రాసిన అక్షరాలే చూసింది.

ఆ తర్వాత పరీక్ష ప్రతిరోజూ తేటగానే వచ్చింది. ఎరుపు లేదు, ఎరుపు లేదు అని పేజీలకు పేజీలు రాశాను. అంతకుముందు వారానికి ఒకసారైనా ఎరుపు వచ్చేది, నీళ్ళు వెనక్కి పంపేవాళ్ళం. ఇప్పుడు అదీ లేదు. ఒకరోజు పవన్‌కుమార్ వచ్చి, "మేడమ్, గాలి తొట్టి ఒకపక్కే ఉడుకుతోంది. అడుగున గొట్టాలు సున్నంతో పూడినట్టున్నాయి. ఆపి దించమంటారా?" అని అడిగాడు. డయానా నా వంక చూసింది. "టెస్ట్ ఎలా ఉంది ఆంటీ?" ఎరుపు లేదన్నాను. "అయితే నడవనివ్వండి పవన్ గారూ. నెలాఖరుకి ఎలాగూ ఆపుతాం కదా, అప్పుడు దించుదాం," అంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో బట్టలు తేలిగ్గా ఉతుకుడయ్యేవి. అంతకుముందు ఎర్రమడ్డి చేతిమందాన అంటుకుని, బండకేసి బాదినా వదిలేది కాదు, నా గోళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఇప్పుడు మడ్డి పలచబడింది. రెండు జాడింపులకు పోతోంది. నడుంనొప్పి తగ్గింది, దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. బట్టకు అంటని ఇనుము ఎటు పోతోందని నాకు తోచలేదు. తొమ్మిదేళ్ళు ఆ బట్టలు ఉతికినదాన్ని, నాకే తోచాలి.

నవంబరు రెండోవారంలో పవన్‌కుమార్ గాజు గొట్టంలో నూనె పట్టుకుని ల్యాబుకు వచ్చాడు. లేత నిమ్మరసంలా ఉండాల్సిన నూనె టీ డికాషన్‌లా ఉంది.

"ఏంటిది పవన్ గారూ?"

"నన్నడుగుతారేంటి మేడమ్? నాలుగు రోజుల్నుంచి కొంచెం కొంచెంగా తిరుగుతోంది. లైటు వెలుగులో అలా కనిపిస్తోందేమో అనుకున్నా. నీళ్ళూ నూనే విడిపోడానికి ఇదివరకు రెండు నిమిషాలు. ఇప్పుడు పావుగంటైనా మధ్యలో మీగడలా నిలబడిపోతోంది."

ఆ సాయంత్రమే పలుకులు పసుపుపచ్చగా వచ్చాయి. అంతకుముందు వారం పంపిన లోడు తిరిగొచ్చింది. డయానా నోటుపుస్తకం తీసి నెలరోజుల పేజీలు తిరగేసింది. "ఒక్కరోజు కూడా ఎరుపు లేదు. మరి ఇంత ఇనుము ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని తనలో తనే అనుకుంటోంది. మర్నాడు వస్తూ గవర్నర్‌పేటలో మందులన్నీ కొత్తవి కొనుక్కొచ్చింది. ఎప్పటిలాగే నేను తేట నీళ్ళు పట్టి తెచ్చాను. కొత్త పెరాక్సైడ్ రెండు చుక్కలు వేసింది. రెండో మందు వేసింది.

టెస్ట్‌ట్యూబు అడుగునుంచి పైదాకా నెత్తురైంది.

డయానా దాన్ని బల్ల మీద స్టాండులో పెట్టింది. తర్వాత కిటికీ గట్టు మీద నా సీసా తీసి, ప్రెస్సు దగ్గర మడ్డి మీద కొంచెం పోసింది. ఏమీ కాలేదు, నీళ్ళు పోసినట్టు ఇంకిపోయింది. పక్కన కొత్త సీసాలోది పోసింది. బుస్సుమని నురుగు లేచింది.

"ఈ తెల్లసీసాలోకి ఎప్పుడు పోశారు ఆంటీ?"

"ఆయుధపూజ ముందురోజు. కడిగే పోశానమ్మా, మూడుసార్లు కడిగాను."

"ఏ నీళ్ళతో?"

"బోరు నీళ్ళే."

డయానా అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుంది. "ఇనుము తగిలితే ఇది చచ్చిపోతుంది ఆంటీ. ఎండ తగిలినా అంతే. అందుకే ముదురురంగు సీసాలో వస్తుంది. నేను మీకు చెప్పాను కదా?"

"చెప్పలేదమ్మా."

"చెప్పలేదు," అంది డయానా.

నెలరోజులు చచ్చిన మందు చుక్కలు వేసి, గొట్టాలు పూడి గాలి అందక ముదరకుండా దాక్కున్న ఇనుమును నేనే దగ్గరుండి నూనె తొట్లలోకి పంపాను. అక్కడ చిలుకుడులో గాలి తగిలి అది మెల్లగా ముదిరింది, నూనె దాన్ని పట్టుకుంది.

"నేను వెళ్ళి సారుకి చెప్పేస్తాను."

"వద్దు." నా చెయ్యి పట్టుకుంది. "మీరు చెప్తే మీ పని పోతుంది. నాకు లాభం ఏమీ లేదు. పరీక్ష మీరు చేస్తున్నారని సారుకి తెలీదు. సంతకాలన్నీ నావి. మందు పాడైంది, చూసుకోలేదు అంటే పొరపాటు అనుకుంటారు. పరీక్షే నేను చెయ్యలేదంటే? ఎవరికీ అనకండి ఆంటీ. నా మీద ఒట్టు."

సరేనన్నాను.

నూనెను బతికించడానికి ఒక దారి ఉందని డయానా పుస్తకాల్లో చూసి చెప్పింది. మామూలు యాసిడ్‌కు ఇనుము వదలదు. బాత్‌రూములు కడిగే యాసిడ్ ఉంటుందే, ఆ రకం గాఢమైనది పోసి చిలికితే వదులుతుంది. కానీ అది మా స్టీలు తొట్లను తినేస్తుంది. అందుకని నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చి, షెడ్డు వెనకాల చేత్తో చిలకడం మొదలుపెట్టాం. తెడ్లలాంటి కర్రలతో నేనూ, పవన్‌కుమారూ, డయానా. మూతికి తడిగుడ్డలు కట్టుకున్నా పొగకు కళ్ళు మండి నీళ్ళు కారేవి.

మొదటి డ్రమ్ము గంటకు విడిపోయింది. కింద యాసిడ్ పచ్చగా మారింది. పైన నూనె లేతబడింది. పవన్‌కుమార్ కర్ర పైకెత్తి, "వదిలిందండోయ్! మా ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కున్నట్టే!" అని కేకపెట్టాడు. డయానా నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదొక్కసారే.

రెండోదీ మూడోదీ కూడా విడిపోయాయి. నాలుగో డ్రమ్ము పెరుగులా గడ్డకట్టింది. ఐదోదీ అంతే. మధ్యలో పేరుకున్న మీగడ చెత్తే అందుకు కారణమంది డయానా. వడకట్టి చూసింది, వేడిచేసి చూసింది. నూనె మొత్తానికి అరవై డ్రమ్ములు పడుతుంది, ఒక్కోదాన్ని రెండుమూడుసార్లు కడగాలి. వారం రోజుల్లో మాకు తేలినవి ఏడు. పైగా ఇనుము దిగిన యాసిడ్ ఎక్కడ పొయ్యాలి? కాలవలో పొయ్యడానికి వీల్లేదు. ఆ నీళ్ళు తాగేవాళ్ళు పామర్రు దాకా ఉన్నారు, అందులో మా చెల్లెలూ ఉంది. ఆ యాసిడ్ డ్రమ్ములే షెడ్డు వెనకంతా నిండిపోయాయి.

ఎనిమిదోరోజు సారు వచ్చి చూశారు. పెద్దగా అరిచే మనిషి కాదు. చేతులు వెనక్కి కట్టుకుని డ్రమ్ముల మధ్య నడిచారు.

"ఇక చాలు. ఆపెయ్యండి," అన్నారు. "నూనె తొట్లు మూసేద్దాం. పొలాలకేసే రకం చేసుకుందాం. దానికి ఇంత శుభ్రం అక్కర్లేదు."

"ఇంకొక్క వారం ఇవ్వండి సార్," అంది డయానా.

"అసలెందుకిలా అయిందమ్మా?"

"పెరాక్సైడ్ పాడైంది సార్. నేను చూసుకోలేదు."

నేను పక్కనే కర్ర పట్టుకుని ఉన్నాను.

"ఇంత నూనె నాశనమైతే, చూసుకోలేదంటే సరిపోతుందా?" అన్నారాయన. కారు దాకా వెనకే వెళ్ళి డయానా, "సార్, నా ఎక్స్‌పీరియన్స్ లెటర్..." అంది. ఆయన కారెక్కుతూ, "చూద్దాం," అన్నారు.

చూద్దాం అన్న మనిషి పదిరోజులైనా ఆ మాట ఎత్తలేదు. డయానా ఆఫీసు గది దాకా వెళ్ళి తిరిగివచ్చేది. డిసెంబరు వచ్చేసింది. అన్నం డబ్బా తెరిచి మూసేసేది. నాకు అక్షరాలు చెప్పడం మానేసింది. కోపంతో కాదు, ఆమెకు తోచేది కాదు. ఎదురుగా కూర్చుని నేను తినలేకపోయేదాన్ని. తప్పు నాది, కాగితం ఆమెది. నా తప్పని తెలిస్తే సారు ఆమెకు కాగితం ఎందుకివ్వరు? నేను ముసలిదాన్ని, పని పోతే పోతుంది. ఇలాగే అనిపించింది. ఒట్టు వేసిన సంగతి గుర్తుంది. ఒట్టు కన్నా ఆ పిల్ల బతుకు పెద్దదనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి నేరుగా పటమట బస్సెక్కాను. సారు భార్య జానకి గారు తలుపు తీశారు. "ఏంటమ్మా అమలమ్మా, ఇంతదూరం వచ్చావు? కూర్చో, మంచినీళ్ళు తాగు," అన్నారు. సారు హాల్లో పేపరు చదువుతున్నారు. నేను కూర్చోలేదు, నిలబడే చెప్పాను. సీసా కడిగింది నేను, పోసింది నేను, పరీక్ష చేసింది నేను, ఎరుపు లేదని రాసింది నేను, ఆ అమ్మాయి తప్పేమీ లేదు అన్నాను.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"పరీక్ష నువ్వు చేస్తున్నావా?"

"అవును సార్."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాదిన్నరనుంచండి. నాకు బాగా వచ్చు సార్. ఈ ఒక్క మందు సంగతే తెలీలేదు."

జానకి గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. సారు టీపాయ్ మీద ఉన్న కవరు చేతిలోకి తీసుకున్నారు. "మా అబ్బాయి అఖిలేష్ చేత నిన్ననే టైపు చేయించాను. వాడు కూడా ఇచ్చెయ్యి నాన్నా, మంచి పిల్ల అన్నాడు. రేపొచ్చి ఇద్దామనుకున్నా." లోపలి కాగితం తీశారు. ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు. "ఇందులో ఏముందో తెలుసా? మూడేళ్ళు ల్యాబులో పరీక్షలన్నీ స్వయంగా చేసిందని. నా సంతకం ఉంది కింద."

అప్పటికి నాకు అర్థమైంది.

"సార్, నేను అబద్ధం చెప్పాను," అన్నాను. "ఆ అమ్మాయిని కాపాడదామని కల్పించి చెప్పాను. పరీక్షలన్నీ డయానానే చేసింది. నేను బట్టలుతికేదాన్ని, నాకేం తెలుసు సార్?"

"నోటుపుస్తకం నేను చూశానమ్మా. తెలుగులో పెద్దపెద్ద అక్షరాలు. డయానా ఇంగ్లీషులో రాస్తుంది. ఎవరిచేతో కాపీ చేయించిందనుకున్నాను." కాగితాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆ విశాఖవాళ్ళు చేసేది మనుషులు మింగే మందులు. రేపక్కడ కూడా ఇలాగే వేరేవాళ్ళ చేత చేయించి సంతకం పెడితే? నేనెలా రాసిచ్చేది?"

కాళ్ళు పట్టుకున్నాను. జానకి గారు లేవదీశారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన అన్నదాంట్లో తప్పేమిటో వెతుక్కున్నాను, ఇప్పటికీ వెతుక్కుంటున్నాను.

డయానా వాళ్ళ ఇల్లు అక్కడికి నాలుగు సందుల అవతల. వెళ్ళకుండా ఎలా? వెళ్ళాను. మేడమీద బట్టలు ఆరేస్తూ నన్ను చూసి కిందికి దిగివచ్చింది. గేటు దగ్గరే చెప్పాను. మొత్తం చెప్పాను, తర్వాత అదంతా అబద్ధమని మాట మార్చిన సంగతి కూడా.

"రేపు ఇద్దామనుకున్నారా?" అంది.

"అలాగే అన్నారమ్మా."

"ఒక్కరోజు ఆగలేకపోయారా ఆంటీ?"

లోపల్నుంచి వాళ్ళ నాన్న నతానియేలు గారు, "ఎవరమ్మా?" అన్నారు.

"ఫ్యాక్టరీ ఆంటీ నాన్నా."

"ఎండలో నిలబెట్టావేంటి, లోపలికి పిలువు. కాఫీ ఇయ్యి."

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. గ్లాసు అందుకున్నాను. తాగకపోతే పెద్దాయన ఏమిటని అడుగుతారు, అందుకని తాగాను. ఆయన ప్రార్థనా కూటం గురించి ఏదో చెబుతున్నారు. డయానా వరండాలో నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. అవతల ఎత్తలేదు. నేను లేచేటప్పుడు, "జాగ్రత్తగా వెళ్ళండి ఆంటీ," అంది. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు.

సోమవారం ఫ్యాక్టరీకి రాలేదు. పవన్‌కుమార్ వెళ్ళి ఆమె సామాను ఇచ్చివచ్చాడు. సారు నన్ను తీసెయ్యలేదు, బట్టలుతుక్కోమన్నారు. నేనే మానేశాను. విశాఖ కంపెనీ వాళ్ళు డిసెంబరు పదిదాకా చూసి ఇంకొకరిని తీసుకున్నారని పవన్‌కుమార్ చెప్పాడు. ఆమె ఇప్పుడు గవర్నర్‌పేటలో ఒక ట్యుటోరియల్‌లో పిల్లలకు పాఠాలు చెబుతోందట.

జనవరిలో నేను విశాఖ కంపెనీకి ఒక ఉత్తరం రాశాను. ఆ అమ్మాయి పనిమంతురాలు, తప్పు నాది, మళ్ళీ పిలవండి అని రెండు పేజీలు. తెలుగులోనే రాశాను. పైన అడ్రసు పవన్‌కుమార్ ఇంగ్లీషులో రాసిపెట్టాడు. "ఇది చదివేవాళ్ళు అక్కడ ఎవరుంటారు పిన్నిగారూ?" అంటూనే రాశాడు. జవాబు రాలేదు. మార్చిలో ఇంకొకటి రాశాను. దానికీ రాలేదు. డయానాకు రాద్దామని కూర్చుంటాను గానీ, అమ్మా డయానా అన్నదాకా వచ్చి చెయ్యి ఆగిపోతుంది. తర్వాత ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

— అమలమ్మ, యాభై నాలుగేళ్ళు. ప్రస్తుతం పామర్రులో మా చెల్లెలు శౌరమ్మ ఇంట్లో ఉంటున్నాను.